తాతయ్య బుల్లెట్ ఎత్తు గురించి

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటో నేనూ మీ అమ్మా చూశాం. తాతయ్య బండి మీద కూర్చుంటే నీకు మునివేళ్లు మాత్రమే నేలకి అందుతున్నాయి. వెనక పొట్టి షాకబ్జర్లు వేస్తే రెండంగుళాలు దిగుతుందని, గంటలో అయిపోతుందని మెకానిక్ అన్నాడని రాశావు. వేయించకు. ఎందుకో ఫోన్లో చెబితే సగం మర్చిపోతానని ఉత్తరం రాస్తున్నాను.

వెనక ఒక్కటే దించితే బండి మొత్తం వెనక్కి వాలుతుంది. ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు ఇంకాస్త పడుకుంటుంది, హ్యాండిల్ బరువెక్కి మలుపులో తిరగనంటుంది. హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతుంది. గుంటలో పడితే టైరు మడ్గార్డుకి రాసుకుంటుంది. సైడ్ స్టాండ్ పొడవు అంతే ఉంటుంది కాబట్టి బండి నిటారుగా నిలబడి, ఎవరి చెయ్యి తగిలినా కుడివైపుకి పడిపోతుంది. డబుల్ స్టాండ్ వేయాలంటే దిగిన ఆ రెండంగుళాలూ నువ్వే అదనంగా ఎత్తాలి. 160 కిలోలు దాటిన బండి తల్లీ అది.

మరి ముందు కూడా దించేస్తే సరిపోతుంది కదా అంటావు. చాలా బండ్లలో ఫోర్కు గొట్టాలను బిగింపులు వదులు చేసి కాస్త పైకి జరుపుకోవచ్చు. పాత బుల్లెట్‌లో అది కుదరదు. హెడ్‌లైట్ కూర్చున్న అల్యూమినియం తలలోకే ఆ గొట్టాలు మరలతో ఎక్కి ఉంటాయి. దించాలంటే ఫోర్కు లోపలి సామానే మార్చాలి. 1949లో ఇంగ్లండ్‌లో రెడిచ్ ఊళ్లోని రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్లు, వెనక చక్రం పైకీ కిందికీ ఆడే స్వింగ్ ఆర్మ్‌తో తయారుచేసిన బండి ఇది, 1955లో మొదలైన ఎన్‌ఫీల్డ్ ఇండియా దాన్నే మద్రాసులో దశాబ్దాల పాటు చేసింది. ముందూ వెనకా ఒకదానికొకటి లెక్కేసి పెట్టిన కొలతలవి.

ఈ మాట నాకు పుస్తకంలో దొరకలేదు. పెళ్లైన కొత్తలో వెనక ఎత్తుగా ఉంటే బాగుంటుందని ఇదే బండికి పొడుగు షాకబ్జర్లు వేయించాను. వెనక లేస్తే ముందు ఫోర్కు నిటారవుతుంది, హ్యాండిల్ తేలికై చిన్న రాయికి కూడా కొట్టుకుంటుంది. డబుల్ స్టాండ్ వేసినా వెనక చక్రం నేలమీదే ఉండేది, అప్పుడైనా నాకు తెలియాల్సింది. మీ అమ్మని ఎక్కించుకుని అన్నవరం కొండ దిగుతుంటే మలుపులో కంకర మీద హ్యాండిల్ వణికింది. పట్టుకోలేకపోయాను. మీ అమ్మ మోచేతి మీద మచ్చ ఆ రోజుదే. బండి మీంచి పడ్డామని మాత్రమే నీకు చెప్పాం, ఎందుకు పడ్డామో చెప్పలేదు. మీ తాతయ్య ఒక్క మాటా అనకుండా మర్నాడు పాత షాకబ్జర్లు తెచ్చి ఆయనే బిగించాడు.

కాబట్టి ముందు సీటు చూడు. బండి ఎత్తు తగ్గడం కంటే నీ కాలు నేలకి అందడం ముఖ్యం. సీట్లు కుట్టే అతని దగ్గరికెళ్లి ఫోమ్ ఒక అంగుళం తీయించు, తొడలు ఆనేచోట రెండు పక్కలా చెక్కించు. సీటు వెడల్పు తగ్గితే కాలు సూటిగా కిందికి దిగుతుంది, చాలామందికి దీంతోనే సరిపోతుంది. మిగిలిన ఫోమ్ గట్టిది వేయించు, లేకపోతే అడుగు రేకు తగులుతుంది.

తర్వాత వెనక షాకబ్జర్ల కింద, స్ప్రింగుని నొక్కిపెట్టే కాలరు మెట్లు చూడు. నేనూ మీ అమ్మా బియ్యం బస్తాతో ఊరెళ్లే రోజుల్లో పై మెట్టుకి తిప్పిపెట్టాను, ఇంకా అలాగే ఉంది. యాభై కిలోలు లేని నీకు ఆ స్ప్రింగ్ కదలదు. మెట్టు దించితే స్ప్రింగేమీ మెత్తబడదు, బండి మాత్రం నీ బరువుకి తగినంత కుంగుతుంది. డబుల్ స్టాండ్ మీద చక్రం గాల్లో ఉన్నప్పుడు ఇరుసు నట్టు నుంచి పైన సీటు ఫ్రేము దాకా టేపుతో కొలువు. తర్వాత స్టాండ్ దించి, నీ స్నేహితురాలు పట్టుకుంటే కాళ్లు పైన పెట్టుకుని కూర్చో, ఆమె చేత కొలిపించు. తేడా ఒక అంగుళం దగ్గర ఉండాలి. వెనక చక్రం మొత్తం కదలికే సుమారు మూడంగుళాలు, అందులో మూడో వంతు.

ఇంకోటి. రెండు కాళ్లూ ఆనాలని పట్టుపట్టకు. ఈ బండికి బ్రేకు ఎడమ కాలికి, గేరు కుడి కాలికి కదా. మన రోడ్డు మధ్యలో ఎత్తు, ఎడమ అంచుకి వాలు. సిగ్నల్ దగ్గర ఎడమ కాలు బ్రేకు మీద ఉంచి, కొంచెం జరిగి కుడి కాలు దించు. ఆ పక్క నేల ఎత్తుగా ఉండి నీకు అందుతుంది. తాతయ్య కూడా పొట్టివాడే, ఆయన ఆపేది అలాగే.

శనివారం గౌతమి ఎక్కుతున్నాను. కాలరు తిప్పే స్పానర్, ఫోర్కు ఆయిల్, సీళ్లు నేనే తెస్తాను. ఫోర్కులో ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో, బ్రేకు కొడితే ముక్కు కిందికి గుచ్చుకుంటోంది. కొలతలు రాసిపెట్టు. నేను వచ్చేదాకా ఆ పొట్టి షాకబ్జర్లకి డబ్బు కట్టకు.

మీ నాన్న