ఏడు రోజుల అపరిమిత రైలు పాసు వల్ల కలిగిన నష్టం గురించి ఫిర్యాదు

రాయగడ, ఒడిశా
2025 జూన్ 9

కస్టమర్ సర్వీసు మేనేజర్ గారికి,
ప్రధాన కార్యాలయం, విశాఖపట్నం.

విషయం: జపాన్ యాత్రలో మా నలుగురికి అవసరం లేని రైలు పాసులను తప్పుడు లెక్క చూపి అమ్మడం, వాటిని తప్పు తేదీ నుంచి మొదలుపెట్టించడం, అందువల్ల కలిగిన నష్టాన్ని భర్తీ చేయవలసిందిగా కోరడం గురించి.

ఆర్యా,

మీ సంస్థ ద్వారా నేను, నా భార్య, మా అక్క, బావగారు 2025 ఏప్రిల్ 8 నుంచి 16 వరకు జపాన్ వెళ్ళి వచ్చాము. విమానాల విషయంలో గానీ హోటళ్ళ విషయంలో గానీ మాకు చెప్పుకోదగ్గ ఇబ్బంది కలగలేదు. శాకాహారం సరిగా దొరకక మా అక్క రెండు మూడు పూటలు పెరుగు, అరటిపండ్లతో సరిపెట్టుకున్నా అది మీ తప్పని నేను అనను. నా ఫిర్యాదు అంతా, మనిషికి 50,000 యెన్లు, అంటే మీరు కట్టిన యెన్‌కు 60 పైసల మారకం లెక్కన 30,000 రూపాయలు, నలుగురికి కలిపి 1,20,000 రూపాయలు తీసుకొని మీరు మా చేత కొనిపించిన ఏడు రోజుల జపాన్ రైల్ పాసుల గురించే.

ముందుగా ఒక మాట చెప్పుకోవాలి. నేను రైల్వేలో బుకింగ్ క్లర్కుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా రాయగడ, కోరాపుట్ ప్రాంతాలకు చాటికోన బుధవారం సంత, ఒనుకుడెల్లి గురువారం సంత చూడడానికి విదేశీయులు వస్తుంటారు. అప్పట్లో వారిలో కొందరి చేతుల్లో, మన రైల్వే డాలర్లలో అమ్మిన ఇండ్‌రైల్ పాసు ఉండేది. అది 2017లో ఆగిపోయింది. రోజుకొక రైలెక్కి దేశమంతా చుట్టేవారికి తప్ప అది ఎవరికీ గిట్టుబాటు కాదని, రెండు ఊళ్ళు చూసేవారు విడి టికెట్టు కొనుక్కోవడమే మేలని కౌంటరు దగ్గర నిలబడిన ఎంతమందికి చెప్పి ఉంటానో లెక్కలేదు. అటువంటి నేను నా సొంత ప్రయాణానికి వచ్చేసరికి కాగితం, పెన్సిలు తీసుకోకుండా మీ ఏజెంటు మాట మీద సంతకం పెట్టాను. ఆ మేరకు తప్పు నాదేనని ఒప్పుకుంటున్నాను. అయితే మీ ఏజెంటు చూపిన కాగితం తప్పు కావడం నా తప్పు కాదు.

జనవరిలో మీ రాయగడ ఏజెంటు మా ఇంటికి వచ్చి, తెలుగులో అచ్చువేసిన ఒక కరపత్రం చూపించాడు. అందులో టోక్యో నుంచి క్యోటో, క్యోటో నుంచి హిరోషిమా, హిరోషిమా నుంచి తిరిగి టోక్యో వెళితే విడి టికెట్లకు సుమారు 44,000 యెన్లు అవుతాయని ఒక గడిలోనూ, పాసు ధర 29,650 యెన్లని పక్క గడిలోనూ వేసి, ఆదా ఎంతో కింద ఎర్ర అక్షరాలతో ముద్రించారు. 29,650 అన్నది ఏడు రోజుల సాధారణ తరగతి పాసు పాత ధర. ఆ పాసు ధర 2023 అక్టోబరు 1 నుంచి 50,000 యెన్లు అయింది. అంటే మీ కరపత్రం మా చేతికి వచ్చేనాటికి ధర పెరిగి పదిహేను నెలలు దాటింది. బిల్లులో మాత్రం మీరు కొత్త ధరే వేశారు. ఇదేమని అడిగితే, ధరలు కొంచెం మారినా లాభం లాభమేనని ఏజెంటు జవాబిచ్చాడు. అది కొంచెం కాదు, నూటికి దాదాపు డెబ్బై వంతుల పెరుగుదల. 29,650 యెన్లు ఉన్న రోజుల్లో టోక్యో నుంచి క్యోటో వెళ్ళి తిరిగి వస్తేనే పాసు డబ్బు దాదాపు రాబట్టుకున్నట్టు. 50,000 అయ్యాక, మీరు గడుల్లో వేసి చూపించిన అంత పెద్ద చుట్టు తిరిగినా ఐదు వేల యెన్లకు పైగా నష్టమే. కొత్త ధర వేసి కూడుకుంటే మీ కరపత్రమే పాసు కొనవద్దని చెబుతుంది.

పైగా మేము ఆ చుట్టు తిరగనే లేదు. మీరే వేసిన ప్రణాళిక ప్రకారం మేము టోక్యో దగ్గరి నరిటాలో దిగి, ఒసాకా దగ్గరి కాన్సాయ్ విమానాశ్రయం నుంచి తిరిగి వచ్చాము. టోక్యోకు వెనక్కి వెళ్ళే పనే లేదు. కరపత్రంలోని అంకెలో పెద్ద వాటా హిరోషిమా నుంచి టోక్యో తిరుగు ప్రయాణానిదే కనుక, ఆ వరుస కొట్టివేస్తే మీరు చెప్పిన ఆదాలో మాకు మిగిలేదేమీ లేదు. మా ప్రణాళిక వేసినవారూ, పాసు అమ్మినవారూ ఒకే కార్యాలయంలో కూర్చొని ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదా అన్నదే నాకు అర్థం కాని విషయం.

ఇక తేదీ విషయం. మేము దిగిన నాడు నరిటాలో, మీరిచ్చిన ఎక్స్ఛేంజ్ ఆర్డరును, అంటే పాసుగా మార్చుకునే కాగితాన్ని, కౌంటరులో ఇచ్చి పాసు తీసుకునేటప్పుడు, ఏ తేదీ నుంచి మొదలుపెట్టాలో రాయమన్నారు. ఆ తేదీ ఆ రోజుదే కానక్కరలేదు, ఒక నెలలోపు ఏ రోజైనా పెట్టుకోవచ్చు. ఒకసారి రాశాక మాత్రం మార్చడానికి వీల్లేదు. అనుమానం వచ్చి నేను మీ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, ఆ రోజు తేదీయే వేయమని, విమానాశ్రయం నుంచి ఊళ్ళోకి వెళ్ళే నరిటా ఎక్స్‌ప్రెస్ కూడా ఉచితంగా వస్తుందని మీ ప్రతినిధి చెప్పారు. ఆ 3,070 యెన్ల ఉచితం కోసం ఏడు రోజుల్లో నాలుగు రోజులు టోక్యోలోనే కరిగిపోయాయి. ఎందుకంటే ఈ పాసుకు రోజులు వరుసగా లెక్క. రైలెక్కినా ఎక్కకపోయినా రోజు గడిచిపోతుంది.

ఆ నాలుగు రోజులూ మీరు మమ్మల్ని ఉంచింది అసకుసాలో. హోటలు బాగుంది, గుడికి నాలుగడుగుల దూరం, నా భార్యకు ఎంతో నచ్చింది. కానీ ఈ పాసు చెల్లే జపాన్ రైల్వేస్, అంటే జె.ఆర్., స్టేషనే అసకుసాలో లేదు. అక్కడ ఉన్నవి మెట్రో, ప్రైవేటు రైళ్ళు మాత్రమే. మా పాసు వాటిలో చెల్లదు. గడప దాటిన ప్రతిసారీ విడిగా డబ్బు కట్టి మెట్రో ఎక్కి, జె.ఆర్. స్టేషను ఉన్న ఉఎనోకు వెళితే తప్ప ఆ పాసును జేబులోంచి తీసే అవకాశం రాలేదు. మరొక సంగతి కూడా అక్కడే తెలిసింది. నరిటా నుంచి కెయిసెయి అనే ప్రైవేటు రైలు సంస్థ బండి ఒకటి 1,300 యెన్ల ప్రాంతంలో నేరుగా అసకుసాకే వస్తుంది. పాసు ఉంది కదా అని మేము టోక్యో స్టేషను దాకా వెళ్ళి, అరవై ఎనిమిదేళ్ళ మా బావగారి చేత రెండు సూట్‌కేసులు మెట్ల మీద మోయించి, మళ్ళీ మెట్రోకు డబ్బు కట్టి హోటలు చేరాము.

ఏ బండి అయినా ఎక్కవచ్చని కూడా మీ ఏజెంటు అన్నాడు. టోక్యో, క్యోటోల మధ్య కొన్ని నిమిషాలకొకటిగా నడిచే నొజోమి అనే బుల్లెట్ రైళ్ళలో ఈ పాసు ఒక్కటే సరిపోదు. మనిషికి మరో 4,960 యెన్ల సప్లిమెంటు కట్టాలి. ప్లాట్‌ఫారం మీద మా కళ్ళ ముందే నొజోమిలు ఒకదాని వెనుక ఒకటి వెళ్ళిపోతుంటే, గంటకు రెండే ఉండే, పాసు చెల్లే హికరి రైలు కోసం మేము కూర్చున్నాము. దీని వల్ల మాకు డబ్బు నష్టం లేదు కనుక పరిహారం అడగడం లేదు. అమ్మేవారికి సరుకు గురించి తెలియాలన్న ఒక్క కారణంతో రాస్తున్నాను.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది ఏప్రిల్ 15. మా బావగారు పర్లాకిమిడిలో తెలుగు మాధ్యమం పిల్లలకు చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యారు. 1945 ఆగస్టు 6 ఉదయం 8 గంటల 15 నిమిషాలు అని ఆయన ఇప్పటికీ పాఠం చెబుతున్నట్టే అంటారు. ఈ యాత్రకు ఆయన ఒప్పుకున్నదే హిరోషిమా కోసం. మీ ప్రణాళికలో హిరోషిమా ఎనిమిదో రోజున ఉంది. ఏడు రోజుల పాసును ఒకటో రోజున మొదలుపెట్టించినవారికి ఎనిమిదో రోజున అది చెల్లదని తెలియకపోవడం ఎలా సాధ్యమో మీరే చెప్పాలి. షిన్-ఒసాకాలో నేను పాసును గేటు యంత్రంలో పెట్టగానే, ఎర్ర దీపం వెలిగి రెండు రెక్కలూ మోకాళ్ళ దగ్గర మూసుకున్నాయి. వెనుక వరుసలోని వాళ్ళు పక్క గేటుకు తప్పుకున్నారు. ఒక ఉద్యోగి వచ్చి, పాసును రెండు చేతులతో అందుకొని, దాని మీది తేదీ కింద చూపుడు వేలు ఉంచి, ఏమీ అనకుండా తల వంచాడు. 2025, 4, 14. ముప్పై ఏళ్ళకు పైగా గడువు తీరిన టికెట్లను కిటికీకి అవతలి వారికి చూపించిన వేలు నాది. ఇవతలి వైపు నిలబడితే ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది.

హిరోషిమాకు పోను రాను మనిషికి సుమారు 21,000 యెన్లు. నలుగురికి అంత పెట్టలేక బావగారు, నేను మాత్రమే వెళ్ళాము. మా అక్క, నా భార్య ఒసాకా హోటలు గదిలో ఉండిపోయారు. మరునాడు విమానాశ్రయానికి కూడా మనిషికి 1,200 యెన్ల లెక్కన చేతి డబ్బే అయింది.

తిరిగి వచ్చాక, ముందే చేయవలసిన పని చేశాను. పాసు చెల్లిన ఏడు రోజుల్లో ఒక్కొక్కరం దాని మీద చేసిన ప్రయాణాలన్నిటికీ విడి ఛార్జీలు వేసి చూశాను. నరిటా ఎక్స్‌ప్రెస్ 3,070, టోక్యోలో జె.ఆర్. బండ్లు సుమారు 1,200, టోక్యో నుంచి క్యోటో సుమారు 13,900, క్యోటో నుంచి నారాకు పోను రాను 1,440, క్యోటోలోని ఇనారి స్టేషనుకు పోను రాను 300, క్యోటో నుంచి ఒసాకా సుమారు 600. మొత్తం 20,500 యెన్ల చిల్లర. 50,000 యెన్ల పాసులో సగం కూడా మేము తినలేదు. పాసును ఐదో రోజున, అంటే క్యోటో బయలుదేరిన ఏప్రిల్ 12న మొదలుపెట్టి ఉంటే హిరోషిమా, విమానాశ్రయం రెండూ అందులో వచ్చేవి గానీ, అప్పుడైనా విలువ 38,500 దాటేది కాదు. కాబట్టి తేదీ తప్పు వేరు, సలహా తప్పు వేరు. తేదీ సరిచేసినా పాసు గిట్టదు. 50,000ను ఏడుతో భాగిస్తే రోజుకు 7,100 పైచిలుకు యెన్లు. అంత విలువైన ప్రయాణం సగటున ప్రతిరోజూ చేసేవారికే ఇది లాభం. దూరాల మీద రోజూ పరిగెత్తే కుర్రకారుకు అది సాధ్యమేమో గానీ, మీరు మా నలుగురి వయసులూ పాస్‌పోర్టుల్లో చూసే ఉన్నారు.

మాకు సరిపడే మార్గం ఒకటి ఉంది. పశ్చిమ జపాన్ జె.ఆర్. సంస్థ విదేశీ యాత్రికులకు అమ్మే కాన్సాయ్-హిరోషిమా ఏరియా పాసు ఐదు రోజులకు 17,000 యెన్లు. క్యోటో, నారా, ఒసాకా, హిరోషిమా, కాన్సాయ్ విమానాశ్రయం అన్నీ అందులోనే వస్తాయి. ఏప్రిల్ 12 నుంచి 16 వరకు సరిగ్గా ఐదు రోజులు. దానికి టోక్యో నుంచి క్యోటో విడి టికెట్టు 13,900, కెయిసెయి బండి 1,300, టోక్యో ఖర్చు 1,200 కలిపితే 33,400 యెన్లతో మేము నలుగురం హిరోషిమా చూసి వచ్చేవాళ్ళం. ఈ పాసు మీ జాబితాలో కూడా ఉందని మీ వెబ్‌సైటులోనే చూశాను.

మే నెలలో ఫోన్ చేసినప్పుడు, వాడిన పాసుకు రిఫండ్ ఉండదని మీవారు చెప్పి పెట్టేశారు. ఆ నియమం నాకు తెలుసు, అది న్యాయమే. నేను జపాన్ రైల్వే వారిని ఏమీ అడగడం లేదు. వారి నిబంధనల్లో దాపరికం లేదు. నేను అడుగుతున్నది మీ సలహా వల్ల కలిగిన నష్టం. పాసు ధరకూ సరైన మార్గానికీ తేడా మనిషికి 16,600 చొప్పున నలుగురికి 66,400 యెన్లు, హిరోషిమా టికెట్లకు సుమారు 42,000, విమానాశ్రయం ఖర్చు 4,800, వెరసి 1,13,200 యెన్లు, మీ మారకం రేటు ప్రకారం సుమారు 68,000 రూపాయలు. మా అక్క హోటలు గదిలో గడిపిన రోజుకు నేను వెల కట్టలేదు. దానితో పాటు, 29,650 యెన్ల ధర ఉన్న ఆ కరపత్రాన్ని మీ ఏజెంట్లందరి దగ్గరి నుంచి వెనక్కి తీసుకున్నట్టు నాకు రాతపూర్వకంగా తెలియజేయాలి. గత వారం కూడా మా వీధిలో ఒకరికి అదే కరపత్రం ఇచ్చి వెళ్ళారు.

ఈ లేఖ అందిన 30 రోజుల్లోగా సమాధానం రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు దాఖలు చేస్తాను. మీ ఒప్పందంలో ఏ ఊరి కోర్టు పేరు రాసుకున్నా, ఫిర్యాదుదారు నివసించే చోటే ఫిర్యాదు చేయవచ్చని ఆ చట్టం చెబుతున్నందున, అది రాయగడ జిల్లా కమిషన్‌లోనే జరుగుతుంది. విశాఖ నుంచి రావడానికి పార్వతీపురం మీదుగా బండ్లు ఉన్నాయి. ఏ బండికి ఎంత ఛార్జీయో కావలిస్తే నేనే చెబుతాను.

బిల్లు, కరపత్రం, నాలుగు పాసులు, హిరోషిమా టికెట్ల రసీదుల నకళ్ళు జతపరుస్తున్నాను. అసలు పాసులు నా దగ్గరే ఉన్నాయి. కమిషన్ ముందు చూపించవలసి వస్తుందేమోనని వాటిని ఇవ్వడం లేదు.

ఇట్లు,
మీ ఖాతాదారు,
రాయగడ.