సముద్రం చూసొచ్చాం, చెప్పాల్సింది ఉంది

అందరికీ నమస్తే. మొన్న భద్రకాళి చెరువు కట్ట మీద "బీచ్‌లో ఏముంటదిరా, నీళ్లే కదా" అని మా అన్న ఆటపట్టించాడు. అప్పుడు జవాబు తోచలేదు, ఇప్పుడు రాస్తున్నా.

వరంగల్‌లో రైలెక్కి చీరాలలో దిగి మోటుపల్లి వెళ్లాం. ఊరు చూస్తే ఒకప్పటి పెద్ద రేవు అంటే నమ్మలేం. కానీ మన కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో అభయ శాసనం, అంటే ఓడ వర్తకులకు భయం లేదని మాటిచ్చే శాసనం, వేయించింది అక్కడే. అంతకుముందు తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును రాజులు లాగేసుకునేవారు. ఆయన అది మాన్పించి, సుంకం కడితే చాలన్నాడు. ఓరుగల్లులో ఉన్న రాజుకు ఓడ పగిలినవాడి బాధ తెలిసిందే! నాకైతే వేయి స్తంభాల గుడి కంటే ఇదే గొప్పగా తోచింది. తిట్టకండి.

పొద్దున్నే ఇసుక మీద పీతలు. అడుగు చప్పుడైతే బొరియల్లో మాయం.

ఇక తాబేళ్ల సంగతి. ఆలివ్ రిడ్లే అనే రకం సముద్రపు తాబేలు తల్లి చలికాలం చివర్లో రాత్రిపూట ఒడ్డెక్కి, గుంత తవ్వి, దాదాపు 100 గుడ్లు పెట్టి వెళ్లిపోతుంది. మళ్లీ చూడటానికి రాదు. పిల్ల ఆడదా మగదా అనేది ఇసుక వేడిని బట్టి ఉంటుంది. వేడి ఎక్కువైతే ఆడవి ఎక్కువ. సుమారు 50 రోజులకు బయటికొచ్చిన పిల్లలు వెలుగున్న వైపు నడుస్తాయి. మామూలుగా అది సముద్రమే. మన లైట్లు వెలిగితే రోడ్డు వైపు పోతాయి.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్దాం. వచ్చేవాళ్లు ఆదివారంలోపు పేరు పెట్టండి. రాత్రి ఒడ్డున ఫోన్ లైటు బంద్, ముందే చెప్తున్నా.