గోల్ఫ్ డ్రైవర్ మర గురించి ఆరు వారాలుగా పట్టించుకోనందుకు ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగాధిపతి గారికి,

నమస్కారం. మీ గోల్ఫ్ డ్రైవర్‌లో, అంటే బంతిని దూరంగా కొట్టే క్లబ్‌లో, హెడ్‌ను కర్రకు బిగించే మర పాడైనందుకు కాదు నేను ఈ లేఖ రాస్తున్నది. వస్తువన్నాక లోపం రావచ్చు. ఆరు వారాలుగా మీ సంస్థలో ఒక్కరైనా నా మాట పూర్తిగా వినలేదు, నా కోపమంతా అందుకే.

బంతి కుడివైపుకు వంగిపోతోందని, ఆదివారం పోటీకి ముందే సరిచేసుకుందామని లాఫ్ట్‌ను (క్లబ్ ముఖం వెనక్కి వాలిన కోణాన్ని) 10.5 డిగ్రీల నుంచి ఒక డిగ్రీ పెంచాను. రౌండు మొదలయ్యాక సెట్టింగు మార్చి ఆ క్లబ్‌తో కొడితే పోటీ నుంచి తొలగిస్తారు కనుక ఈ పని ఇంటి దగ్గరే చేసుకోవాలి. స్లీవ్‌ను (కర్ర చివర హెడ్‌లో కూర్చునే గొట్టాన్ని) తిప్పి పెట్టి, మీరిచ్చిన టార్క్ రెంచ్‌తో మర బిగిస్తే, సరిగ్గా బిగిసిందనడానికి గుర్తుగా ‘టక్’మని శబ్దం రావాలి. ఎంత తిప్పినా రాలేదు.

మీకు ఫోన్ చేస్తే మొదటి ప్రతినిధి, ‘శబ్దం వచ్చేదాకా తిప్పండి సార్’ అన్నారు. అదే రావడం లేదని రెండుసార్లు చెప్పి, చివరికి రెంచ్‌ను ఫోన్ దగ్గర పెట్టి తిప్పి వినిపించాను. అంతా అయ్యాక ఆయన, ‘శబ్దం వచ్చిందా సార్?’ అని అడిగారు. రెండో ఆవిడ బిల్లు అడిగారు, పంపాను. మూడో ఆయన ఫొటోలు అడిగారు, అవే ఫొటోలను మూడుసార్లు పంపించుకున్నారు. నాలుగో ఆయన మామూలు రెంచ్‌తో గట్టిగా బిగించమన్నారు. వేరే పనిముట్లు వాడొద్దని మీ పుస్తకంలోనే రాసి ఉండగా, ఆయన మాట విని బిగించి, స్వింగ్ మధ్యలో హెడ్ ఊడి పక్కనున్న క్యాడీకి (క్లబ్‌ల సంచి మోసే మనిషికి) తగిలితే ఎవరు బాధ్యులు? పంతొమ్మిదో రోజున ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని సందేశం వచ్చింది. క్లబ్‌ను ఎవరూ చేత్తో ముట్టుకోనైనా లేదు! మళ్లీ ఫోన్ చేస్తే కొత్త ఫిర్యాదు సంఖ్య ఇచ్చి, కథంతా మొదటి నుంచి చెప్పమన్నారు.

పదకొండేళ్లుగా నా ఐరన్ క్లబ్‌లు, పట్టర్, మా అబ్బాయి మొదటి సెట్టు, అన్నీ మీవే. గోల్కొండ కోట పక్కనున్న కోర్సులో నా మాట మీద మీ క్లబ్‌లు కొన్న మిత్రులున్నారు. వాళ్లకు ఇప్పుడు నేనేం చెప్పాలి?

క్లబ్ గురించి తెలిసిన మనిషి ఒకరు నాతో మాట్లాడాలి, మరను, స్లీవ్‌ను మార్చి ఇవ్వాలి. పదిహేను రోజుల్లో అది జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేను నివసించే చోటే జిల్లా కమిషన్‌లో కేసు వేయవచ్చు, దానికీ వెనుకాడను. మీ కాల్స్ తేదీలన్నీ డైరీలో రాసి పెట్టుకున్నాను.

ఇట్లు,
మీ పాత వినియోగదారుడు,
హైదరాబాద్