ఆ 187 పెట్టెల గురించి

మా ఇంటి పూతరేకులు ఏళ్ళ తరబడి తెప్పించుకుంటున్నవాళ్ళకి ఆత్రేయపురం నుంచి రాస్తున్నాను. ముందు అసలు సంగతి చెప్పేస్తాను. వరలక్ష్మీ వ్రతం వచ్చిన వారంలో సోమవారం, మంగళవారం మా ఇంటినుంచి బయల్దేరిన 187 పెట్టెల్లో వాడినది కల్తీ నెయ్యి. తెలియక వాడాను. అనుమానం వచ్చిన గంటలోనే పని ఆపేశాను. ఆ పెట్టెలు 142 ఇళ్ళకి వెళ్ళాయి. 119 ఇళ్ళవాళ్ళకి నేనే ఫోన్ చేసి చెప్పాను. 23 ఇళ్ళవాళ్ళు ఎన్నిసార్లు చేసినా దొరకలేదు. ఈ ఉత్తరం మొదట వాళ్ళ కోసం, తర్వాత మీ అందరి కోసం.

పెట్టె మూత లోపల తేదీ చీటీ ఉంటుంది. ఆ రెండు రోజుల్లో ఏదో ఒకటి ఉంటే మీ డబ్బు మొత్తం వెనక్కి వేస్తాను. పెట్టె తిరిగి పంపక్కర్లేదు, సగం తిన్నా ఫరవాలేదు. తిన్నవాళ్ళు భయపడొద్దు. ల్యాబ్ రిపోర్టులో ఉన్నది నేతిలో వేరే నూనె కొవ్వు కలిసిందని మాత్రమే, విషపదార్థం ఉందని ఎక్కడా లేదు. కానీ నెయ్యి అని చెప్పి నెయ్యి కానిది పెట్టడం మా ఇంట్లో ఎప్పుడూ లేదు.

ఆ వారం గురించి కొంచెం చెప్పాలి. గోదావరికి నీళ్ళు రావడం మాకు కొత్త కాదు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఇక్కడ పిల్లలకి కూడా ఈ మూడు అంకెలు నోటికి వచ్చు. ఆదివారం రాత్రి రెండోది ఇచ్చారు. మాకు రేకులు తీసే ఇద్దరిలో ఒకావిడది లంక గ్రామం. ఇంటి ముందుకి నీళ్ళొస్తుంటే గేదెల్ని, పిల్లల్ని గట్టెక్కించుకోవాలి కదా, పొద్దున్నే వెళ్ళిపోయింది. పొయ్యిలోకి వాడే ఎండు కొబ్బరాకు మీద కప్పిన పట్టా గాలికి లేచిపోయి మోపులన్నీ తడిశాయి. తడి ఆకు మండదు, పొగ కమ్ముతుంది. మంట ఎగుడుదిగుడు అయ్యేసరికి మంగళవారం మధ్యాహ్నం కుండ పగిలింది. ఆరేళ్ళు వాడిన కుండ. కొత్త కుండ కొన్న రోజునే రేకు వదలదండి. నూనె రాస్తూ, కాలుస్తూ, తుడుస్తూ నునుపు తేలేదాకా ఓపిక పట్టాలి, లేకపోతే పిండి అంటుకుని చిరుగుతుంది. బుధవారం కరెంటు లేదు, కొరియర్ బండీ రాలేదు.

ఇవన్నీ ఒక్కొక్కటిగా వస్తే ఓర్చుకుంటాం. ముసురు పట్టినా పెట్టెల్లో దాచిన పాత రేకులు ఉంటాయి, వాటితో వారం గడుస్తుంది. నన్ను కుంగదీసింది నెయ్యి.

బుధవారం సాయంత్రం హైదరాబాదు నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. తొమ్మిదేళ్ళుగా మా దగ్గరే తీసుకుంటున్నారు. కోప్పడలేదు. "ఈసారి పెట్టె తెరిస్తే మీ నెయ్యి వాసన రాలేదండీ, ప్రయాణంలో ఎండకేమైనా ఉందా?" అని మాత్రం అడిగారు. ఎండ ఎక్కడుంది, వారం నుంచి ముసురు. ఫోన్ పెట్టేసి డబ్బా మూత తీశాను. చూడటానికి బాగానే ఉంది, రంగు కూడా బాగుంది. లోపలికి వెళ్ళి మా అత్తగారి అరచేతిలో కొంచెం వేశాను. ఆవిడకి 78 ఏళ్ళు, ఈ పొయ్యి పెట్టింది ఆవిడే, నాకు రేకు తియ్యడం నేర్పిందీ ఆవిడే. రెండు చేతులూ రుద్దుకుని వాసన చూసి, "పూస లేదు. కమ్మదనం లేదు. ఇది మన నెయ్యి కాదే" అన్నారు. నాకు కాళ్ళలో బలం పోయింది.

పూతరేకులో ఏముందో మీకు తెలుసు. బియ్యప్పిండి పాలలో ముంచిన గుడ్డని కాలిన కుండ మీద ఒక్కసారి లాగితే వచ్చే రేకుకి తనంతట తనకి రుచి లేదు. బెల్లం, యాలకులు, జీడిపప్పు ఎవరైనా కొనొచ్చు. మిగిలింది నెయ్యే. పది రేకుల పెట్టెకి 100 గ్రాములు పడుతుంది. అది పోతే ఇక మేం అమ్మేది కాగితం.

ఆ నెయ్యి పంపే ఆయనతో మాకు 11 ఏళ్ళ వ్యవహారం. ఆదివారం నాలుగు డబ్బాలు దింపి వెళ్ళారు, డబ్బా 15 కిలోలు. మొదట్లో ప్రతి డబ్బా చూసుకుని తీసుకునేదాన్ని. రానురాను నమ్మకం కుదిరి చూడటం మానేశాను. ఆ తప్పు నాదే, దాన్ని ఇంకొకరి మీదకి తొయ్యను.

గురువారం పొద్దున్న మా అబ్బాయి ఒక సీసాలో కొంచెం నెయ్యి కాలేజీకి పట్టుకెళ్ళాడు. వాడు చదివేది కెమిస్ట్రీ. వనస్పతిలో నూటికి ఐదు వంతులు నువ్వుల నూనె కలపాలని చట్టమే ఉందట, ఎవరైనా దాన్ని నేతిలో కలిపితే దొరికిపోవాలని. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త పంచదార వేసి కుదిపితే, వనస్పతి ఉన్న నెయ్యి అడుగున ఎర్రబడుతుందట. మధ్యాహ్నం ఫోన్ చేసి, "అమ్మా, రంగు రాలేదు" అన్నాడు. ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. వెంటనే వాడే అన్నాడు: "కానీ దీన్నిబట్టి వనస్పతి లేదని మాత్రమే చెప్పగలం. పామాయిల్లాంటిది కలిపితే ఇందులో తేలదు." అప్పటికే ఇంకో సీసా ప్రైవేటు ల్యాబుకి పంపించాం. రిపోర్టు సోమవారానికి గానీ రాదన్నారు.

మర్నాడు శుక్రవారం, వరలక్ష్మీ వ్రతం.

నేను ఎక్కువగా నలిగింది ఆ గురువారం సాయంత్రమే. మీలో చాలామంది అమ్మవారి నైవేద్యానికని తెప్పించుకున్నారు. కొందరు ఆర్డరు పెట్టేటప్పుడే "నైవేద్యానికండీ, ముందు రోజుకి అందాలి" అని రాశారు. చేతిలో రుజువు లేదు. కాలేజీ పరీక్షలో ఏమీ తేలలేదు. అత్తగారి ముక్కు, నా నాలుక తప్ప ఆధారం లేదు. ఫోన్ చేసి "నెయ్యి మీద అనుమానంగా ఉంది" అంటే మా పేరు మేమే చెడగొట్టుకున్నట్టు. సోమవారం రిపోర్టు బాగా వస్తే, 11 ఏళ్ళు నెయ్యి పోసిన మనిషిని ఊరూరా కల్తీవాడిని చేసినట్టు. చెప్పకుండా ఊరుకుంటే, తెలిసీ దేవుడి పీట ముందుకి అది వెళ్ళనిచ్చినట్టు.

మా ఆయన రిపోర్టు వచ్చేదాకా ఆగమన్నారు. ఆయన మాటలో న్యాయం లేకపోలేదు. "రిపోర్టు వచ్చాక చెబుదాం, డబ్బూ ఇచ్చేద్దాం, ఎవరూ కాదనరు" అన్నారు. మా తోడికోడలు కూడా అదే మాట. గంటసేపు ఎవరితో మాట్లాడకుండా వసారాలో కూర్చున్నాను. పుట్టింటివాళ్ళకి ఫోన్ చేద్దామనుకుని మానేశాను. రిపోర్టు సోమవారం వస్తుంది, నైవేద్యం శుక్రవారం పెడతారు. ఎటునుంచి ఆలోచించినా చివరికి ఇక్కడికే వస్తున్నాను. పండగ దాటిపోయాక చెప్పే నిజం ఎవరికి కావాలి?

ఆరున్నరకి ఫోన్ తీసుకున్నాను. రాత్రి పదకొండు దాకా, మళ్ళీ శుక్రవారం తెల్లవారుజామున నాలుగున్నర నుంచి చేశాను. పండగనాడు ఆ వేళకి ఆడవాళ్ళందరూ లేచే ఉంటారని ధైర్యం చేశాను. నెయ్యి పంపినాయన పేరు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పను. "అనుమానం ఉంది, రుజువు లేదు, నైవేద్యానికి మాత్రం పెట్టకండి" అన్నాను. ఎక్కువమంది మంచిగా మాట్లాడారు. ఒకరిద్దరు తిట్టారు, పడ్డాను. ఒకాయన, "2023లో భౌగోళిక గుర్తింపు వచ్చిన దగ్గర్నుంచి మీ ఊళ్ళో అందరికీ కళ్ళు నెత్తికెక్కాయి" అన్నారు. ఆ మాట మాత్రం నేను తీసుకోలేకపోతున్నాను. నన్ను ఎంతైనా అనండి, వాడింది నేను. ఊరు ఏం చేసింది? ఆ గుర్తింపు వెనక పొగలో కళ్ళు పోగొట్టుకుంటూ, చేతులు కాల్చుకుంటూ తరాలుగా రేకులు తీసిన ఆడవాళ్ళున్నారు. నా ఒక్క ఇంట్లో జరిగిన పొరపాటుకి వాళ్ళని అనకండి.

శనివారం పెళ్ళికి వెయ్యి రేకుల ఆర్డరు ఒకటి ఉంది. పెళ్ళికూతురి నాన్నగారికి గురువారమే చెప్పి అడ్వాన్సు వెనక్కి ఇచ్చేశాను. ఆయన కంగారు చూడలేక మా వీధిలోనే ఇంకో ఇంటికి నేనే తీసుకెళ్ళాను. వాళ్ళు ఒప్పుకుని, రాత్రంతా కూర్చుని చుట్టి ఇచ్చారు. మాకూ వాళ్ళకీ మాటల్లేక నాలుగేళ్ళు. ఆ గుమ్మం ఎక్కడం నాకు చాలా కష్టమైంది. అయినా వాళ్ళు ఒక్క మాట తేలిగ్గా అనలేదు, కాఫీ ఇచ్చారు. వాళ్ళకి రుణపడి ఉన్నాను.

రిపోర్టు సోమవారం మధ్యాహ్నం వచ్చింది. పాలకొవ్వులో సహజంగా ఉండే కొన్ని ఆమ్లాలు మామూలు నూనెల్లో ఉండవు, వాటిని లెక్కగట్టే పరీక్ష ఒకటుంది, ఆర్.ఎం. విలువ అంటారు. నేతిలో వేరే నూనె కలిస్తే అది పడిపోతుంది. మా నేతిలో బాగా పడిపోయింది. కాగితం చేతిలోకి వచ్చాక అప్పుడు నెయ్యి పంపినాయనకి ఫోన్ చేశాను. కాదనలేదు. "మీరిచ్చే ధరకి ఏం వస్తుందనుకున్నారమ్మా?" అన్నారు.

ఈ మాట దగ్గరే నేను ఆగిపోయాను. 11 ఏళ్ళలో ఒక్కసారి బేరం ఆడలేదు. కిలో 640 అన్నది ఆయనే. ఆ ధర గిట్టకపోతే 700 అను, 800 అను, నేను మీతో చెప్పుకుని పెట్టె ధర పెంచుకుంటాను, లేదా తక్కువ పెట్టెలు చేస్తాను. ధర అదే ఉంచి సరుకు మార్చడం ఏమిటి? ప్రతి సంక్రాంతికీ ఆయన ఇంటికి మొదటి వాయి రేకులు పంపేదాన్ని, అన్నయ్యగారూ అని పిలిచేదాన్ని. నాకు డబ్బు పోయిన బాధ తక్కువ.

లెక్క నేను కూడా వేసుకోవాల్సింది. కిలో గేదె నెయ్యికి సుమారు 15 లీటర్ల పాలు కావాలి. లీటరు 60 వేసుకున్నా 900. వెన్న తీసిన పాలు అమ్ముకునే పెద్ద డెయిరీలకి కొంత కలిసొస్తుంది, నిజమే. ఆయన డెయిరీ కాదు, వెన్న కొని కాచే మనిషి. ఈ లెక్క నాకు రెండేళ్ళ కిందటే తట్టి ఉండాలి.

నాలుగు డబ్బాల్లో వాడింది 18 కిలోల 700 గ్రాములు, మిగిలింది 41 కిలోలు. వెనక్కి తీసుకుని డబ్బు ఇస్తానన్నారు, దాదాపు 26 వేలు. ఒప్పుకోలేదు. నేను ఇస్తే అది ఇంకొకరి పొయ్యి దగ్గరికి వెళ్తుంది. డబ్బాలకి సీలు వేయించి పక్కన పెట్టాను, రిపోర్టు జతచేసి ఆహార భద్రత అధికారులకి అర్జీ ఇచ్చాను. ఇంత పంతం ఎందుకని మా ఆయన అడుగుతున్నారు. ఇది పంతమే, వదలను.

ఇకనుంచి బయటి నెయ్యి ఈ గుమ్మం లోపలికి రాదు. చుట్టుపక్కల గేదెలున్న ఇళ్ళనుంచి వెన్న తెచ్చి మా పొయ్యి మీదే కాస్తాం. కిలో వెన్నకి ముప్పావు కిలో నెయ్యి దిగుతోంది, ఖర్చంతా కలిపి కిలో 1,050 పడుతోంది. పెట్టెకి 100 గ్రాములు కాబట్టి తేడా 41 రూపాయలు. అందుకే బెల్లం జీడిపప్పు పెట్టె 300 నుంచి 340 అయింది. రోజుకి 95 పెట్టెల దాకా చేసేవాళ్ళం, ఇప్పుడు 40 దాటవు. దసరా, దీపావళికి ముందు చెప్పినవాళ్ళకే అందుతాయి, పెద్ద ఆర్డర్లు ఈ ఏడాదికి తీసుకోను. ధర ఎక్కువనిపించినవాళ్ళు వేరేచోట తీసుకోండి, మనసులో పెట్టుకోను. తక్కువ ధరకి ఏదో ఒకలా చేసి పెట్టమని మాత్రం అడగకండి.

కొత్త కుండ దాదాపు సిద్ధమైంది, నిన్న నాలుగైదు రేకులు చిరక్కుండా వచ్చాయి. లంకలో నీళ్ళు తీశాయి, రేకులు తీసే ఆవిడ ఎల్లుండి నుంచి వస్తానంది. శనివారం మొదటి వాయి పంపుతాం. నెయ్యి రోజూ పొద్దున్న ఆరింటికి కాస్తాం, ఇటు వచ్చినవాళ్ళు లోపలికి వచ్చి చూడొచ్చు, అత్తగారు అక్కడే కూర్చుని ఉంటారు.

ఆ 23 ఇళ్ళలో మీరు ఉంటే ఒక్కసారి ఫోన్ చెయ్యండి. ఉదయం ఆరు నుంచి రాత్రి తొమ్మిది దాకా నేనే ఎత్తుతాను.