ఢిల్లీ గొడవలకు కౌన్సిల్ హాలు ఎందుకు?

సంపాదకుడు గారికి,

మా నగరపాలక సంస్థ సర్వసభ్య సమావేశం గురించి గత వారం మీ జిల్లా పేజీలో వచ్చిన వార్త చదివాను. ఎవరికి పట్టిందిలే అని ఊరుకుందామనుకున్నాను గానీ ఉండబట్టలేక రాస్తున్నాను. ఆ రోజు జరిగింది ఊరందరికీ తెలిసిందే. ఒక పక్షం తమ అధినేతను అభినందిస్తూ తీర్మానం పెట్టింది, రెండో పక్షం పోడియాన్ని చుట్టుముట్టింది. కాగితాలు చిరిగాయి, ప్లకార్డులు లేచాయి. భోజన విరామం మాత్రం నిమిషం ఆలస్యం కాలేదు. ఆ తర్వాత కేకల మధ్యే అజెండా మొత్తం ఆమోదం పొందిందని ప్రకటించి సభ ముగించారు. మంచినీటి గొట్టాల మార్పిడి, వీధి కుక్కల శస్త్రచికిత్సలు, పెద్ద కాలువ పూడికతీత... వీటిలో దేనిమీదా ఒక్క కార్పొరేటరైనా ప్రశ్న అడిగినట్లు మీ వార్తలో లేదు. అడిగినా మీరు రాయలేదేమో, ఆ సంగతి చివర్లో చెబుతాను.

1993 జూన్ 1న అమల్లోకి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ పట్టణ పాలక సంస్థలకు 18 పనులు రాసిపెట్టింది. నీళ్లు, రోడ్లు, పారిశుద్ధ్యం, వీధి దీపాలు, శ్మశానాలు, చివరికి బందెలదొడ్లు, కబేళాలు కూడా ఆ పట్టికలో ఉన్నాయి. ముఖ్యమంత్రిని పొగడటం, మాజీ ముఖ్యమంత్రిని తిట్టడం, పార్లమెంటు బిల్లులపై తీర్పులివ్వడం ఎంత వెదికినా నాకు కనిపించలేదు.

ఇది మా ఊరికే పట్టిన జాడ్యం కాదు. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదులో కాలనీలకు కాలనీలు మునిగాయి. రెండు నెలలు తిరక్కుండా, డిసెంబరు 1న, 150 డివిజన్లకు పోలింగు. నాలాల గురించే కదా మాట్లాడాలి? పతాక శీర్షికలకెక్కినవి మాత్రం నగరం పేరు మార్పు, పాతబస్తీపై సర్జికల్ స్ట్రైక్! సగం మంది ఓటర్లు గడప దాటలేదంటే వారిని తప్పుపట్టడానికి నాకు నోరు రావడం లేదు. విశాఖలోనైతే 2007 తర్వాత మళ్లీ 2021 దాకా కార్పొరేషన్‌కు ఎన్నికలే లేవు. తీరా పాలకవర్గం వచ్చి నాలుగేళ్లు నిండాయో లేదో శిబిరాలు, అవిశ్వాసం, 2025 ఏప్రిల్‌లో మేయరు మార్పు. రాష్ట్రంలో ప్రభుత్వం మారితే నగరంలో మేయరు మారాలట. గెడ్డల్లో, అంటే అక్కడి పెద్ద కాలువల్లో, మురుగు మారనక్కర్లేదు.

పెద్ద విషయాలపై మాకు అభిప్రాయం ఉండకూడదా అని కార్పొరేటర్లు అడగవచ్చు. ఉండాలి. విశాఖ ఉక్కు కర్మాగారం కోసం అక్కడి కార్పొరేటర్లు గొంతెత్తితే నేను కాదనను, అది ఆ ఊరి కూటి సమస్య. అంతకు మించినవాటికి పార్టీ కార్యాలయాలున్నాయి, మైదానాలున్నాయి, సాయంత్రమైతే టీవీ చర్చలున్నాయి. కౌన్సిల్ హాలులో మైకులకు, ఏసీలకు కరెంటు బిల్లు కట్టేది మేము.

అసలు అనుమానం ఇంకొకటి ఉంది. ఈ గొడవతో ఇరు పక్షాలకూ నష్టం లేదు. అధినేత పేరెత్తి అరిస్తే పైవారి కళ్లలో పడతారు, కాలువ గురించి అడిగితే కాంట్రాక్టరు కళ్లలో పడతారు! పైగా సభ మొదలయ్యాక చేతికిచ్చే టేబుల్ అజెండా ఉంది చూశారూ, దానికి రభసను మించిన రక్షణ లేదు. ఆస్తి పన్నును అద్దె విలువ నుంచి మూలధన విలువకు, అంటే ఆస్తి ధరకు, మార్చి, పెంపు ఏడాదికి 15 శాతం మించదులెమ్మని సర్దిచెప్పినప్పుడు ఈ గొంతులన్నీ ఎక్కడున్నాయి? అధికారుల సంగతి చెప్పనే అక్కర్లేదు. సభ్యులు కొట్లాడుకుంటుంటే వేదిక మీద ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటారు. జవాబు చెప్పే పని తప్పింది కదా! మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగమే చెబుతోంది. మా వార్డులో ఆ కమిటీని చూసినవారు ఇంతవరకు నాకు తారసపడలేదు.

ఇక మీ పత్రిక సంగతి. తోపులాట ఫోటోకు నాలుగు కాలమ్‌లు, అజెండాకు ఒక్క వాక్యం! వచ్చేసారి ఫోటో లేకపోయినా ఫర్వాలేదు. టేబుల్ అజెండాలో ఏ పని, ఏ వార్డుకు, ఎన్ని లక్షలకు ఆమోదించారో ఆ జాబితా వేయండి. ఓటు ఎవరికి వేయాలో మేము చూసుకుంటాం.

ఇట్లు,
ఒక పన్ను చెల్లింపుదారు