పెద్దల సహవాసం వార్షిక నివేదిక: రెండు జాబితాలు ఒకటైన ఏడాది

సహవాస సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు.

ఏటా ఈ నివేదికను ఎన్ని కూటాలు పెట్టాం, ఎన్ని ఇళ్ళకు వెళ్ళాం అనే లెక్కతో మొదలుపెట్టేవాణ్ణి. ఈసారి ఒక నోట్‌బుక్ సంగతితో మొదలుపెడతాను. ఏడాది మొదట్లో కార్యదర్శిగా నా దగ్గర రెండు జాబితాలు ఉండేవి. ఒకదానిలో పరామర్శకు వెళ్ళేవాళ్ళ పేర్లు, ఇంకోదానిలో మనం వెళ్ళి చూడాల్సినవాళ్ళ పేర్లు. ఎవరికైనా మోకాళ్ళు అరిగినా, చూపు తగ్గినా, ఆపరేషన్ అయినా మొదటి జాబితాలో పేరు కొట్టేసి రెండోదానిలో రాసేవాణ్ణి. అలా పేరు మారిన రోజు ఆ మనిషికి ఎలా ఉంటుందో నేనెప్పుడూ ఆలోచించలేదు.

రెండో నెలలో ఒక సహోదరి ఫోన్ చేశారు. ఎన్నో ఏళ్ళు సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పినావిడ. తుంటి ఎముక విరిగి అప్పటికి కొన్ని వారాలుగా మంచం మీదే ఉన్నారు. "బాబూ, అందరూ వచ్చి నాకోసం ప్రార్థన చేసి వెళ్తున్నారు, సంతోషమే. నాకేదైనా పని చెప్పకూడదూ?" అన్నారు. "మీరు విశ్రాంతి తీసుకోండమ్మా" అన్నాను. కాసేపు అవతల మాట లేదు. "విశ్రాంతి ఎక్కువైపోయిందయ్యా" అని ఫోన్ పెట్టేశారు.

ఆ మాట కమిటీలో చెప్పాను. ఆ రోజు మా వాక్య పఠనం సంఖ్యాకాండం ఎనిమిదో అధ్యాయం. దేవుని ఆరాధన గుడారంలో సేవ చేసే లేవీయులు 50 ఏళ్ళు నిండాక ఆ పనిలోంచి విరమించుకోవాలని అందులో ఉంది. అది అందరికీ తెలిసిందే. దాని వెనకే ఉన్న మాటను మేము అంతవరకూ పట్టించుకోలేదు. విరమించాక కూడా వాళ్ళు ప్రత్యక్ష గుడారంలో తమ సహోదరులకు తోడుగా ఉండి, కాపాడాల్సినవాటిని కాపాడాలి. పని భారం దించమన్నాడు దేవుడు, ఇంటికి పొమ్మనలేదు. మేము మాత్రం మన పెద్దవాళ్ళ భారం దించడంతోపాటు గుడారం తలుపు కూడా మూసేశాం. ఆ సాయంత్రమే రెండు జాబితాలూ పక్కన పెట్టి కొత్త నోట్‌బుక్ తెరిచాం. ప్రతి పేరు ఎదురుగా రెండే గడులు: వీరికి ఏం కావాలి, వీరు ఏం ఇవ్వగలరు. రెండో గడి ఎవరి విషయంలోనూ ఖాళీగా ఉండకూడదని నియమం పెట్టుకున్నాం. ఈ ఏడాది జరిగిన పనులన్నీ ఆ గడిలోంచి వచ్చినవే.

ప్రార్థన పరిచర్య

ఆ సహోదరికే ప్రార్థన మనవుల పుస్తకం అప్పగించాం. నిజానికి మొదట్లో అదొక ఓదార్పు పనిగానే అనుకున్నాను. ఆమె అలా అనుకోలేదు. ప్రతి మనవికీ తేదీ వేశారు. వారం తిరిగేసరికి నాకు ఫోన్ చేసి "ఆ అబ్బాయి ఇంటర్వ్యూ ఏమైంది? ఆ తల్లికి స్కానింగ్ రిపోర్టు వచ్చిందా?" అని అడిగేవారు. నాకు తెలియదంటే "కనుక్కో బాబూ, తెలియకుండా ఎలా ప్రార్థన చేయను?" అనేవారు. ఆమె అడుగుతారన్న భయంతోనే నేను చాలామందికి మళ్ళీ ఫోన్ చేశాను. అవతలివాళ్ళు ఒకే మాట అన్నారు: ప్రార్థన చేస్తామని చెప్పినవాళ్ళు చాలామందే, తర్వాత ఏమైందని అడిగినవాళ్ళు మీరే.

లూకా సువార్తలో అన్న అనే ప్రవక్త్రి గురించి చదువుతాం. 84 ఏళ్ళ విధవరాలు. దేవాలయం విడిచిపెట్టకుండా ఉపవాసంతో, ప్రార్థనతో రాత్రింబగళ్ళు ఉండేదట. దాన్ని చెప్పడానికి లూకా వాడిన మాట 'సేవ'. ఇన్నేళ్ళూ నేను ప్రార్థనను ఇంకేమీ చేయలేనివాళ్ళ పనిగా లెక్కవేసి నివేదికల్లో చివరన ఒక్క వాక్యంలో ముగించాను. అందుకు సభ్యులకు క్షమాపణ చెప్పుకుంటున్నాను. ఈసారి దాన్ని అన్నిటికంటే ముందు పెట్టింది అందుకే.

పొద్దుటి ఫోన్లు

ఒంటరిగా ఉంటున్న సభ్యులను ఇద్దరిద్దరిగా జత చేశాం. రోజూ ఉదయం అనుకున్న వేళకు ఒకరికొకరు ఫోన్ చేసుకోవాలి. ఎక్కువసేపు మాట్లాడక్కర్లేదు. "లేచారా, నిద్ర పట్టిందా, మందులు వేసుకున్నారా" అని అడిగి, ఒక వాక్యం చదువుకుని పెట్టేయొచ్చు. రెండుసార్లు చేసినా ఎత్తకపోతే, ఆ ఇంటి తాళంచెవి ఎవరి దగ్గరుందో వాళ్ళకు చెప్పాలి. తాళంచెవి ఇంకొకరికి ఇవ్వడానికి కొందరు మొదట ఇష్టపడలేదు. వాళ్ళ ఇబ్బంది అర్థం చేసుకోదగినదే కనుక ఎవరినీ బలవంతపెట్టలేదు.

వానాకాలంలో ఒక ఉదయం ఒక సహోదరుడు ఫోన్ ఎత్తలేదు. ఆయన జతలో ఉన్నాయన రెండోసారి కూడా చేసి, వెంటనే పక్కింటివాళ్ళకు చెప్పారు. వాళ్ళు వెళ్ళేసరికి ఆయన స్నానాల గదిలో కింద పడి ఉన్నారు. తెల్లవారుజామున కాలు జారిందట. గోడ అవతల ఫోన్ మోగడం ఆయనకు వినిపిస్తూనే ఉంది. "మొదటిసారి మోగి ఆగిపోయినప్పుడు భయం వేసింది. రెండోసారి మోగగానే, ఇక ఎవరో ఒకరు వస్తారని తెలిసిపోయింది" అని తర్వాత సాక్ష్యంలో చెప్పారు. భుజం ఎముక విరిగింది, ఇప్పుడు కుదుటపడింది. ఫోన్ చేసినాయన గురించి కూడా ఒక మాట చెప్పాలి. ఆయన వయసు 80 దాటింది, చక్రాల కుర్చీలోంచి కదలలేరు. పాత పద్ధతిలో అయితే ఆయన పేరు రెండో జాబితాలో ఉండేది.

ఈ జతల వల్ల మేము అనుకోని మేలు ఇంకొకటి జరిగింది. బ్యాంకు నుంచి మాట్లాడుతున్నామని చెప్పి ఓటీపీ అడిగే మోసగాళ్ళ ఫోన్ వచ్చినప్పుడు, "ముందు నా జతవాళ్ళతో మాట్లాడతాను" అని పెట్టేయడం మనవాళ్ళకు అలవాటైంది.

పరామర్శలు, నేను చేసిన ఒక తప్పు

భార్యను పోగొట్టుకున్న ఒక సభ్యుడి ఇంటికి నేనూ మరో ఇద్దరమూ వెళ్ళాం. పునరుత్థాన నిరీక్షణ గురించి, పరలోకంలో కలుసుకోవడం గురించి వాక్యాలు చదివాను. అవన్నీ సత్యమే, నేను మనసారా నమ్మినవే. కానీ నేను చదివేకొద్దీ ఆయన ముఖం మూసుకుపోయింది. లేవబోతుంటే గుమ్మం దగ్గర, "ఆమె గురించి ఒక్కమాట కూడా అడగలేదేం బ్రదర్?" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

యోబు స్నేహితులు అతని బాధ ఎంత పెద్దదో చూసి ఏడు రోజులు, ఏడు రాత్రులు ఏమీ మాట్లాడకుండా నేల మీద అతనితో కూర్చున్నారని గ్రంథంలో ఉంది. వాళ్ళు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరిచాకే తప్పులు మొదలయ్యాయి. మర్నాడు నేనొక్కణ్ణే మళ్ళీ వెళ్ళి, "అమ్మగారి గురించి చెప్పండి" అన్నాను. గంటన్నర చెప్పారు. పెళ్ళినాడు వానలో తడిసిన సంగతి, ఆవిడ చేతిరాత, చివరి నెలల్లో రాత్రిపూట ఆయన చెయ్యి వెతుక్కోవడం, అన్నీ. నేను బైబిలు తెరవనేలేదు. లేచేముందు ఆయనే, "ఒక కీర్తన చదవండి" అన్నారు.

అప్పటినుంచి పరామర్శకు వెళ్ళే బృందానికి మూడు సంగతులు చెబుతున్నాం. పోయినవారి పేరు పలకండి. మీ కథ చెప్పకండి. మూడో నెలలో మళ్ళీ వెళ్ళండి, ఎందుకంటే మొదటి పదిరోజులూ ఇల్లు నిండా జనం ఉంటారు, ఆ తర్వాతే ఇల్లు ఖాళీ అవుతుంది. ఇప్పుడు ఈ బృందానికి ముందు నడిచేది ఆ సహోదరుడే. ఆయన వెళ్ళిన ఇంట్లో నేను మాట్లాడాల్సిన అవసరం రావడం లేదు.

మతిమరుపు ఉన్నవారి ఇళ్ళలో

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకమంతటా 5.7 కోట్లమంది డిమెన్షియాతో బతుకుతున్నారు. మన మధ్య కూడా ఉన్నారు. వాళ్ళకంటే ముందు నా కంటికి కనిపించింది వాళ్ళను చూసుకునేవాళ్ళే. రాత్రీ పగలూ భర్తను కనిపెట్టుకుని ఉండే ఒక సహోదరి, తాను ఆరాధనకు వచ్చి ఏడాది దాటిందని చెప్పారు. అందుకని ఇద్దరు సభ్యులు వారానికి రెండు గంటలు ఆ ఇంట్లో కూర్చుంటున్నారు. ఆ రెండు గంటలూ ఆమె ఆరాధనకు రావచ్చు, నిద్రపోవచ్చు, ఊరికే కిటికీ దగ్గర కూర్చోవచ్చు. ఏం చేశారని మేము అడగం. మొదటి నాలుగు వారాలూ ఆమె నిద్రపోయారు. ఐదో వారం ఆరాధనకు వచ్చారు.

ఆయనకు భార్య పేరు గుర్తుండదు. పాటలు గుర్తున్నాయి. మనవాళ్ళు పాడుతుంటే పెదవులు కదుపుతారు. ఒకసారి మన సభ్యుడొకాయన రెండో చరణం బదులు మూడోది ఎత్తుకుంటే, ఆయన చెయ్యెత్తి ఆపి, అసలు రెండో చరణం తానే మొదలుపెట్టారు. పాత పాటలు మనసులో అంత లోతున నిలుస్తాయని వైద్యులు కూడా చెబుతారు. అలా చూస్తే ఆయన పేరు ఎదురుగా రెండో గడిలో ఏం రాయాలన్న ప్రశ్నకు జవాబు దొరికింది. 'పాటల చరణాల వరస తప్పకుండా చూస్తారు' అని రాశాం. పెద్దక్షరాలతో అచ్చు వేయించబోయే మన పాటల ప్రతిని సరిచూసింది ఆయన పక్కన కూర్చునే.

చదవడం, వినిపించడం

చూపు మందగించినవారి కోసం లేఖన భాగాలను గొంతుతో రికార్డు చేసి వాట్సాప్‌లో పంపుతున్నాం. కీర్తనలు పూర్తయ్యాయి. 119వ కీర్తన 176 వచనాలు కావడంతో నలుగురు పంచుకుని చదివారు. చదివినవారిలో ఒకరికి గొంతు వణుకుతుంది. "నా గొంతు ఎవరు వింటారు" అని వెనకాడితే ఒప్పించడానికి రెండు నెలలు పట్టింది. ఇప్పుడు వినేవాళ్ళు అడిగి మరీ వింటున్నది ఆ గొంతునే, ఎందుకంటే ఆయన నెమ్మదిగా చదువుతారు.

వినికిడి గురించి మేము ఆలస్యంగా మేల్కొన్నాం. 60 ఏళ్ళు దాటినవారిలో నాలుగో వంతుకు పైగా మందికి ఇబ్బందిపెట్టే స్థాయిలో వినికిడి లోపం ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కూటాలకు రావడం మానేసిన కొందరిని భక్తి చల్లారిందేమోనని అనుకున్నాం. అసలు కారణం వినిపించకపోవడం. ఇప్పుడు మాట్లాడేవారు వెలుతురులో, ముఖం కనిపించేలా నిలబడుతున్నారు. ఫ్యాన్లు తగ్గిస్తున్నాం. అరవకుండా, నిదానంగా మాట్లాడమని అందరికీ చెప్పాం. మానేసినవాళ్ళలో ఇద్దరు తిరిగి వచ్చారు.

సాయంత్రం కూటం మాత్రం సరిగా సాగలేదు. చీకటిపడ్డాక బయటికి రావడానికి చాలామందికి టెన్షన్. దాన్ని ఉదయానికి మార్చాం. కుట్టుపని బృందం, పిల్లలకు చదువు చెప్పే తరగతి ఎప్పటిలాగే నడుస్తున్నాయి. జమాఖర్చుల పత్రం ఆడిటర్ సంతకంతో దీనికి జతచేశాం.

బాధ్యతలు అప్పగించడం

ఈ ఏడాది ముగ్గురు సభ్యులు ప్రభువు నందు నిద్రించారు. వారిలో ఒకరు చివరి వారంలో నన్ను పిలిపించి, తాను రోజూ ఫోన్ చేసే వ్యక్తి పేరు చెప్పి, "నా తర్వాత ఆయనకు ఎవరు చేస్తారు?" అని అడిగారు. పేరు చెప్పాను. "ఏడున్నరకు చెయ్యాలి, ముందు చేస్తే నిద్రలో ఉంటాడు" అన్నారు. ఆ వేళను నోట్‌బుక్‌లో ఆయన చూస్తుండగానే రాశాను.

నా సంగతి కూడా ఇక్కడే చెబుతాను. 80 ఏళ్ళ బర్జిల్లయిని దావీదు రాజు తనతో యెరూషలేముకు రమ్మన్నప్పుడు, ఆయన తన వయసును దాచుకోలేదు. రుచి తెలియదు, పాటలు వినబడవు అని ఉన్నదున్నట్టు చెప్పి, తన బదులు కింహాము అనే అతన్ని పంపాడు. అంతకుముందు కష్టకాలంలో రాజును పోషించినవాడే ఆయన. పిలుపును కాదన్నాడు కానీ యొర్దాను దాకా వెళ్ళి సాగనంపాడు. నా చేతులు వణకడం ఎక్కువైంది, రాత చదవడం కష్టమవుతోందని మీలో కొందరు మృదువుగా చెప్పారు. కనుక కార్యదర్శి బాధ్యతను వచ్చే నెలనుంచి చిన్నవారొకరు తీసుకుంటారు. మొదటి మూడు నెలలూ నేను పక్కనే ఉంటాను. ఆ తర్వాత నాకు కూడా ఒక ఫోన్ జత కావాలి.

వచ్చే ఏడాది నోట్‌బుక్ ఆరాధన స్థలంలో ముందు వరస బల్ల మీద పెట్టాం. రెండు గడులూ నింపండి. రాయలేనివాళ్ళు పక్కనున్నవారికి చెప్పి రాయించండి. రాలేనివాళ్ళ ఇంటికి పుస్తకం పట్టుకుని మేమే వస్తాం. పెన్ను దారంతో కట్టి ఉంది.