ఆ పెద్దాయన కాగితాలు

చిన్నీ,

నిన్న ఫోనులో నువ్వు గర్వంగా చెప్పిన మాటకు నాకు రాత్రి నిద్ర పట్టలేదు. మీ ఆసుపత్రి రికార్డు గదికి ఒక పెద్దాయన వచ్చి తన ఆపరేషన్ కాగితాల నకళ్ల కోసం సోమవారం ఉదయం అర్జీ ఇస్తే, డాక్టరు గారు సెలవులో ఉన్నారని తిప్పి పంపావట. పైగా "రోగుల సంగతులు గుట్టుగా ఉంచాలని నువ్వే కదమ్మా చెప్పావు" అన్నావు. గుట్టు ఎవరి దగ్గర? ఆయన కడుపు కోసి కుట్టిన సంగతి ఆయన దగ్గరేనా?

రోగి గానీ, రోగి అధికారం ఇచ్చిన మనిషి గానీ అడిగితే అర్జీ అందినట్టు రాసిచ్చి, 72 గంటల్లో కాగితాలు ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నియమాల్లోనే ఉంది. డాక్టరు సెలవు పెట్టారని ఆ గడువు ఆగదు.

నీ భయం నాకు అర్థమవుతుంది. నేను చేసిన తప్పు నీకు ఇంతవరకూ చెప్పలేదు. రికార్డు గదిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. "అమ్మాయి బాబాయిని మాట్లాడుతున్నానండీ, ఏం మందులు రాశారు?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. ఫైలు తెరిచి మూర్ఛ మందుల పేర్లు చదివి వినిపించాను. అతను బాబాయి కాడు, పెళ్లివారి తరఫు మనిషి. వారం తిరక్కుండా ఆ పిల్ల తల్లి వచ్చి నా బల్ల ముందు నిలబడింది. తిట్టలేదు. "ఈ మాట మాకూ మీకూ తప్ప ఎవరికీ తెలియదమ్మా" అంది, అంతే. ఆమె చేతిలో ఓపీ చీటీ నలిగి ఉండ అయిపోయింది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా, ఫలానా రోగి మా దగ్గరకు వచ్చాడో లేదో కూడా ఫోనులో చెప్పలేదు.

కాబట్టి అర్జీ మీది సంతకాన్ని ఫైల్లోని సంతకంతో పోల్చి చూడు, గుర్తింపు కార్డు చూడు, ఇచ్చెయ్. బీమా వాళ్లు వస్తే రోగి సమ్మతి పత్రం అడుగు. ఒకామె మోకాలి ఆపరేషన్ క్లెయిముకు ఆమె పాత కాన్పు కాగితాలు ఎందుకు? కోర్టుకు అసలు ఫైలు పంపాల్సి వస్తే పేజీలకు నంబర్లు వేసి, నకలు ఉంచుకుని పంపు. హెచ్ఐవీ సంగతైతే, కోర్టు ఆదేశం లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప, రోగి సమ్మతి లేకుండా బయటపెట్టకూడదని 2017 చట్టం చెబుతోంది.

మా కాలంలో ఫైలు తీసిన చోట, ఎవరు తీసుకెళ్లారో రాసిన అట్టముక్క పెట్టేవాళ్లం. ఇప్పుడు ఆ లెక్క కంప్యూటరే చూసుకుంటుందంటావు. మరి ప్రింటరు దగ్గర ఎవరూ తీసుకోకుండా పడి ఉన్న ల్యాబ్ రిపోర్టులను ఎవరు చూసుకుంటారు? సాయంత్రం ఇంటికి బయలుదేరే ముందు ఒకసారి అటు వెళ్లు.

ఈ ఉత్తరాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపుతున్నాను. పోస్టులో వేస్తే గురువారం ఉదయం దాటిపోతుంది.

అమ్మ